టొరంటోకి దగ్గరి దారి

భార్య విదేశానికి వెళ్తోందని తెలిసిన మొగుడు అడగాల్సిన ప్రశ్నలు చాలానే ఉంటాయి. ఎప్పుడు వెళ్తున్నావు, ఎన్నాళ్లుంటావు, తోడు ఎవరొస్తున్నారు, అక్కడి చలికి తట్టుకోగలవా అని. మధుకర్ అవేవీ అడగలేదు. చేతిలో అన్నం ముద్ద అలాగే పట్టుకుని, "ఎంత దూరం?" అన్నాడు.

"పన్నెండు వేల ఎనిమిది వందల యాభై కిలోమీటర్లు బావా," అంది పద్మావతి. అక్కడితో ఆగి ఉంటే ఇంట్లో ఏ గొడవా లేకపోయేది. ఆమె ఆగలేదు. "సందీప్ చెప్పిండు," అని కూడా అంది.

మధుకర్ ముద్దను తిరిగి కంచంలో పెట్టేశాడు.

దూరం అతని సొంత ఆస్తి. ఇల్లు, పొలం కూడా ఉన్నాయి కానీ వాటిని అన్నదమ్ములతో పంచుకోవాల్సి వచ్చింది. దూరంలో మాత్రం ఎవరికీ వాటా లేదు. నల్లగండ్ల నుంచి కొండాపూర్ దాకా రాళ్లూ తుప్పలూ తప్ప ఏమీ లేని నేలంతా ప్లాట్లుగా మారిపోతున్న రోజులవి. మాదాపూర్‌లో అద్దాల బిల్డింగు లేచిన దగ్గర్నుంచి, నిన్నటిదాకా మేకలు కూడా ఎక్కని గుట్టలకు హద్దురాళ్లు పాతుతున్నారు. ఎవరి గోడ ఎవరి స్థలంలోకి జరిగింది, ఎవరి దారి ఎవరు మింగేశారు అని తేల్చాలంటే సర్వేయర్ మధుకర్ కొలత గొలుసు పట్టుకుని రావాల్సిందే. అతను కొలిచాక మళ్లీ కొలిపించిన వాళ్లు లేరు. నడుస్తూ నడుస్తూ ఆగి, "ఈడికెళ్లి ఆ యాపచెట్టు దాకా నూట నలభై గజాలు," అని కంటితోనే చెప్పి, తర్వాత గొలుసు వేసి చూపించి, ఎదుటివాళ్ల మొహాలు చూసి మురిసిపోవడం అతనికి ఇష్టమైన పని. అలాంటి మనిషి ఇంట్లో ఉండగా సొంత పెళ్లాం దూరం సంగతి పరాయి మగాణ్ణి అడిగి తెలుసుకుంది.

సందీప్ అన్న పేరు ఆ ఇంట్లోకి వచ్చి అప్పటికే కొన్ని నెలలైంది. పద్మావతి పని చేసేది ఆ అద్దాల బిల్డింగులోనే. కెనడాలోని ఒక విమానాల కంపెనీ తన ప్రయాణికులకు, వాళ్లు ఎంత దూరం తిరిగితే అన్ని పాయింట్లు ఇస్తుందట. ప్రపంచంలో ఏ ఊరికీ ఏ ఊరికీ మధ్య అయినా సరే, ఆకాశంలో ఎంత దూరమో కంప్యూటర్ చెప్పాలి. ఆ ప్రోగ్రాం రాసే పని హైదరాబాదుకు వచ్చి, పద్మావతికీ ఆమె పక్క సీట్లో కూర్చునే సందీప్‌కీ తగిలింది. ఇద్దరిలో ఒక్కరు కూడా అంతవరకు విమానం ఎక్కలేదు. అయినా లండన్‌కీ లిమాకీ మధ్య దూరం వాళ్లకు లింగంపల్లి బస్సు నంబరంత సులువుగా నోటికొచ్చేది. ఇప్పుడు దాన్ని అక్కడి కంప్యూటర్లలో పెట్టి నడిపించడానికి పద్మావతిని నాలుగు నెలలు టొరంటో పంపిస్తున్నారు.

నిజం చెప్పాలంటే ఆమెను కంప్యూటర్ చదువుకు తోసింది మధుకరే. మేనమామ కూతురు, లెక్కల్లో డిగ్రీ చేసిన పిల్ల, ఇంట్లో ఉత్తగా కూర్చోవడం ఎందుకని ఏడాదిపాటు పొద్దున్నే స్కూటర్ మీద అమీర్‌పేట దాకా దింపి వచ్చాడు. ఉద్యోగం వచ్చిన రోజు ఊరంతా మిఠాయి పంచాడు. అంతా బాగానే ఉంది. ఆ పక్క సీటు ఒక్కటే బాగాలేదు.

"సందీప్ వాళ్లది కర్నూలు దిక్కు బావా. చెనిక్కాయల పొడి తెచ్చిండు, ఎంత బాగుందో," అనేది పద్మావతి. ఆ రాత్రి మధుకర్ తల్లి భాగ్యమ్మ చేసిన కొబ్బరి పొడి అతనికి మట్టిలా అనిపించేది. "సందీప్ ఈ రోజు నవ్వి నవ్వి చంపిండు," అనేది. మధుకర్ తన జీవితంలో ఎవరినైనా నవ్వించాడా అని ఆలోచించుకుంటే ఒక్క పేరూ తట్టేది కాదు. ఆ సందీప్ ఎలా ఉంటాడో, వయసెంతో, పెళ్లయిందో లేదో అతను అడగలేదు. అడిగితే అడిగినట్టు ఉంటుంది కదా. అడక్కుండానే తెల్లటి చొక్కా, మెడలో కంపెనీ కార్డు, నుదుటి మీద ఒక పాయ జుట్టు ఉన్న మనిషిని ఒకణ్ణి తయారుచేసుకున్నాడు. వాణ్ణి రోజూ కొంచెం కొంచెం అందంగా చేసుకుంటూ, రోజూ కొంచెం ఎక్కువగా ద్వేషించేవాడు.

పన్నెండు వేల ఎనిమిది వందల యాభై అన్న మాట విన్నాక అతను ఊరుకోలేదు. కోఠీకి వెళ్లి గోడకు తగిలించే పెద్ద ప్రపంచ పటం కొనుక్కొచ్చాడు. ముందు గది గోడకు మేకులు కొట్టి, దాన్ని ముడత లేకుండా బిగించి, హైదరాబాదు దగ్గర ఒక చుక్క, టొరంటో దగ్గర ఒక చుక్క పెట్టి, మధ్యలో సన్నటి పెన్సిల్ గీత గీశాడు. గీత అరేబియా, ఆఫ్రికా దాటి, సముద్రం మీదుగా చక్కగా వెళ్లింది. పటం మూలన ఉన్న స్కేలు చూసి గుణించాడు. ఊరి పటం మీద ఒక సర్వే నంబరు నుంచి ఇంకో నంబరుకు ఎలా కొలుస్తాడో అలాగే కొలిచాడు. ఇరవై ఏళ్లుగా ఆ పద్ధతి అతన్ని ఒక్కసారి కూడా మోసం చేయలేదు.

సాయంత్రం పద్మావతి కంపెనీ బస్సు దిగి లోపలికి వస్తుంటే గుమ్మంలోనే నిలబెట్టాడు.

"ఇగో, చూడు. పదిహేడు వేల ఎనిమిది వందలు. నీకు అనుమానమైతే నువ్వే స్కేలు పెట్టు."

పద్మావతి పటం వైపు చూసింది, అతని వైపు చూసింది. "బావా, భూమి గుండ్రంగ ఉంటది. దాన్ని కాగితం మీద పరవాలంటే పైకి పోయినకొద్ది సాగదీసి గీస్తరు. దగ్గరి దారి గిట్ల ఆఫ్రికా మీదికెళ్లి పోదు. ఉత్తర ధ్రువం దిక్కుకెళ్లి పోతది."

"ఎవరు చెప్పిండ్రు?"

పద్మావతి చెప్పులు విప్పి గోడవారగా పెట్టింది. తర్వాత, "మొదట సందీప్‌కు తట్టింది," అంది.

"వాడు ఎన్ని గజాల భూమి కొలిచిండు?"

"భూమి కొలవలే గాని లెక్క అదే బావా. ఇద్దరం కూడి చేసినం."

ఇద్దరం కూడి. మధుకర్ ఆ రెండు మాటలనూ రాత్రంతా నమిలాడు. తనూ ఆమే కూడి చేసిన పని ఏముందా అని వెతికితే ఆవకాయ తప్ప ఏదీ కనిపించలేదు.

అప్పట్నుంచి ఇంట్లో రెండు లెక్కలు నడిచాయి. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లకూ మధుకర్ పటం చూపించి, "పదిహేడు వేల ఎనిమిది వందల కిలోమీటర్లు," అని చెప్పేవాడు. గొంతులో ఒక రకమైన గెలుపు వినిపించేది. భాగ్యమ్మ గుండె మీద చెయ్యి పెట్టుకుని, "గంత దూరమా బిడ్డా," అనేది కోడలితో. పద్మావతి వంటింట్లోంచి గబగబా వచ్చి, "గంత లేదు అత్తమ్మా, పన్నెండు వేల ఎనిమిది వందలే, గంతే," అనేది. అలా అంటున్నప్పుడు ఆమె మొహం చిన్నబోయేది. మధుకర్ ఆ మొహాన్ని చూశాడు, తనకు కావలసినట్టు అర్థం చేసుకున్నాడు. వాడి లెక్కను ఎవరైనా కాదంటే దీనికి ఎంత నొప్పి అనుకున్నాడు. మర్నాడు వచ్చినవాళ్లకు ఇంకో వంద కలిపి చెప్పాడు.

పనిలోకి వెళ్తే మనసు కుదుట పడుతుందనుకున్నాడు కానీ ఆ వారం పని కొండాపూర్ వాలులో పడింది. అక్కడి నుంచి చూస్తే ఆ అద్దాల బిల్డింగు ఎదురుగానే కనిపిస్తుంది. పొద్దుటి ఎండకు ఒకవైపంతా మెరుస్తుంది. వాళ్లు కూర్చునే ఆరో అంతస్తు ఏదో కింద నుంచి లెక్కపెట్టి పట్టుకున్నాడు. గొలుసు ఒక కొస అతని చేతిలో ఉంది. రెండో కొస పట్టుకుని తుప్పల అవతల బాలనర్సయ్య నిలబడ్డాడు. పదిహేనేళ్లుగా అతనితో గొలుసు లాగుతున్న మనిషి.

మధుకర్ కళ్లు అద్దాల మీద ఉన్నాయి. మనసు ఇంకా పైన, విమానంలో ఉంది. పక్కపక్కన రెండు సీట్లు. కిటికీ దగ్గర పద్మావతి. ఆమెకు బెల్టు పెట్టుకోవడం రాదు, వాడు వంగి పెడుతున్నాడు. కింద మంచు కనిపిస్తోంది, చూడు చూడు అంటున్నాడు. వాడికి మంచు గురించి ఏదో నవ్వు వచ్చే మాట కూడా తెలుసు. ఆమె నవ్వి నవ్వి అలిసిపోయి నిద్రపోతోంది. తల ఎటు వాలుతోంది? మధుకర్‌కు ఆ తల ఎటు వాలుతుందో చూడాలని లేదు, చూడకుండా ఉండలేకపోయాడు. తల వాడి భుజం మీదే వాలింది. ఒళ్లు మండిపోయింది.

"సారూ, గొలుసు వదులైంది," అన్నాడు బాలనర్సయ్య అవతల నుంచి.

"నాకు తెల్వదా? నువ్వు రాయి పాతు."

రాయి పాతారు. మధ్యాహ్నం ప్లాటు యజమాని వచ్చి నాలుగు పక్కలా నడిచి చూసుకుని, ఏదో తేడాగా ఉంది మళ్లీ చూడమన్నాడు. మళ్లీ గొలుసు వేస్తే ఒక పక్క ఒకటిన్నర గజం తక్కువొచ్చింది. మధుకర్ పేరు మీద ఆ చుట్టుపక్కల అలాంటి మాట ఎప్పుడూ రాలేదు. యజమాని తనే అడుగులేసి మళ్లీ లెక్కపెట్టుకున్నాడు, అది ఇంకా అవమానంగా ఉంది. బాలనర్సయ్య రాయి పెకలిస్తూ, "ఇంట్ల ఏమన్న పరేషాన్ ఉన్నదా సారూ?" అని అడిగాడు. "నీ పని చూస్కో," అన్నాడు మధుకర్. ఈ ఒకటిన్నర గజం కూడా సందీప్ ఖాతాలోనే రాసుకున్నాడు.

ఆ తిక్కలోనే మళ్లీ కోఠీకి వెళ్లాడు. ఈసారి గ్లోబు కొన్నాడు. గుండ్రంగా ఉంటుంది, గుండ్రంగా ఉంటుంది అంటున్నారు కదా, గుండ్రటి దాని మీదే కొలిచి వాడి లెక్క తప్పని తేలుస్తాను అనుకున్నాడు. పద్మావతి ఆఫీసుకు వెళ్లాక తల్లి కుట్టు డబ్బాలోంచి తెల్లదారం తీసి, గ్లోబును ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

భాగ్యమ్మ బియ్యం చెరుగుతూ, "గిదేందిరా, పనికి పోకుండ బొంగరం ముందేస్కున్నవ్?" అంది.

"బొంగరం కాదు. భూమి."

"భూమి కొలిచేటోనివే గద. ఇంట్ల గూడ అదేనా?"

మధుకర్ దారం ఒక కొస హైదరాబాదు మీద బొటనవేలితో నొక్కి పట్టాడు. రెండో కొసను పటంలో గీసిన దారినే, ఆఫ్రికా మీదుగా, సముద్రం మీదుగా టొరంటో దాకా పరిచాడు. బాగానే ఉంది. కొలవాలంటే దారం బిగువుగా ఉండాలి. వదులు గొలుసు అబద్ధం చెప్తుందని బాలనర్సయ్యకు రోజూ చెప్పేది తనే. బిగించాడు. దారం ఆఫ్రికా మీద నుంచి జారి పైకి పోయింది. మళ్లీ కిందికి తెచ్చి మళ్లీ బిగించాడు. మళ్లీ జారింది. ఈసారి మధ్యలో వేలితో అదిమి పెట్టి లాగాడు. వేలు తీయగానే దారం రష్యా మీదికి ఎక్కి, గ్లోబు నెత్తిన తెల్లగా ఉన్న చోటు పక్కనుంచి వెళ్లి, టొరంటో మీద పడి కదలకుండా ఆగింది. అక్కడ ఎంత బిగించినా జరగలేదు.

కొలిచాడు. పన్నెండు వేల తొమ్మిది వందలు వచ్చింది. దారం మందం, వేలి మందం తీసేస్తే సందీప్ చెప్పినదే. లింగంపల్లిలో విమానం టికెట్లు అమ్మే అతన్ని అడిగి, ముంబై, లండన్ మీదుగా వెళ్లే అసలు విమానం దారిని కూడా కొలిచి చూశాడు. ఆ చుట్టుదారి కూడా పద్నాలుగు వేలు దాటలేదు. పదిహేడు వేల ఎనిమిది వందలు భూమ్మీద ఎక్కడా లేదు, గోడ మీది కాగితంలో తప్ప.

పెద్దమనిషి అయితే ఆ సాయంత్రమే భార్యతో, నువ్వే రైటు అని చెప్పి ఉండేవాడు. మధుకర్ దారాన్ని గ్లోబుకు చుట్టి, గ్లోబును గోనెసంచిలో వేసి, బియ్యం బస్తా వెనక దాచాడు. ఆదివారం మేనమామ వస్తే, ఆయనకు పటం చూపించి, "పదిహేడు వేల ఎనిమిది వందలు మామా," అని మళ్లీ చెప్పాడు. ఈసారి తప్పని తెలిసే చెప్పాడు. మేనమామ కూతురి వైపు చూసి తువ్వాలుతో కళ్లొత్తుకున్నాడు. పద్మావతి ఆ రోజు వంటింట్లోంచి బయటికి రాలేదు, పన్నెండు వేలే అని అనలేదు. మధుకర్ తను గెలిచాననుకున్నాడు.

ప్రయాణం దగ్గర పడింది. ఒక పొద్దున పద్మావతి తల దువ్వుకుంటూ, "బావా, చలికి మంచి స్వెటర్లు ఏడ దొరుకుతయి?" అని మామూలుగానే అడిగింది.

"సందీప్‌నే అడుగు. వానికి అన్నీ తెలుసు గద."

దువ్వెన ఆగిపోయింది. పద్మావతి అతని వైపు అద్దంలోంచే చూసి, జడ సగంలోనే వదిలేసి, సంచి తగిలించుకుని వెళ్లిపోయింది. టిఫిన్ డబ్బా బల్ల మీదే ఉండిపోయింది.

మధుకర్‌కు సాకు దొరికింది. మధ్యాహ్నం డబ్బా స్కూటర్‌కు తగిలించుకుని మాదాపూర్ బయల్దేరాడు. పెళ్లానికి అన్నం తీసుకెళ్తున్నానని దారంతా తనకు తను చెప్పుకున్నాడు. అసలు పని వాణ్ణి చూడటం. చూసి ఏం చేస్తాడో అతనికే తెలియదు. ఆ బిల్డింగుకు పునాదులు తవ్వకముందు ఆ పక్క నేలను అతనే కొలిచాడు. ఇప్పుడు లోపలికి వెళ్లాలంటే గేటు దగ్గర చీటీ రాయించుకోవాల్సి వచ్చింది. అది కూడా కడుపులో మంటకు తోడైంది.

కింద సోఫాలో కూర్చోబెట్టారు. కాసేపటికి లిఫ్టులోంచి ఒక కుర్రాడు వచ్చాడు. బక్కగా ఉన్నాడు. చొక్కా ఒంటి మీద వేలాడుతోంది. నుదుటి మీద జుట్టు పాయ లేదు, అప్పుడే పలచబడుతోంది. కళ్ల కింద నల్లగా ఉంది.

"పద్మావతక్క మీటింగులో ఉండాది సార్. నేను తీసుకొనిపోయి ఇస్తాను. నా పేరు సందీప్."

అక్క. మధుకర్ డబ్బా ఇవ్వబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇన్ని నెలలు తను తయారుచేసుకున్న మనిషి ఎక్కడా కనిపించలేదు. అయినా సులువుగా వదలబుద్ధి కాలేదు.

"మీరు గూడ పోతున్నరు గద, టొరంటో?" అన్నాడు.

"నేనెక్కడ పోయేది సార్? ఒకరినే పంపిస్తామన్నారు. అక్కను పంపిస్తాండారు. మీకు చెప్పలేదా?"

చెప్పలేదు. ఎందుకంటే అతను అడగలేదు. ఎవరితో వెళ్తున్నావని నోరు తెరిచి ఒక్కసారి అడిగి ఉంటే ఈ మంటంతా లేకపోయేది. మధుకర్ సోఫాలో వెనక్కి ఆనుకున్నాడు. సందీప్ ఎదురుగా కూర్చున్నాడు. ఎవరితోనైనా చెప్పుకుంటే బాగుండునని చూస్తున్న మనిషిలా ఉన్నాడు.

"ఏమీ అనుకోవద్దండి సార్, నిజం చెప్తా. అక్క పేరు చెప్పిన దినం నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు. లెక్క ఇద్దరమూ చేసినాము. ప్రపంచంలో ఉండే ఊర్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించింది నేనే. అన్ని ఊర్ల దూరాలు నాకు తెలుసు, నేను మాత్రం చెన్నపట్నం దాటి పోయింది లేదు. ఆయమ్మ మంచిది, కోపం ఏమీ లేదు. కానీ కుళ్లు మాత్రం ఉండాది సార్. పక్కన కూర్చోని మాట్లాడతాంటే కూడా లోపల కుతకుత ఉడుకుతాంటాది." తల ఎత్తి, "మీకుండదా సార్?" అన్నాడు.

"నాకెందుకుంటది?" అన్నాడు మధుకర్, అవసరమైన దానికంటే గట్టిగా.

"అవున్లెండి, మీకెందుకు." సందీప్ డబ్బా అందుకుని లేచాడు. "అక్క మాత్రం రోజూ నన్ను ఒకటే అడుగుతాది సార్. ఇంకా తగ్గదా సందీప్, ఇంకేమన్నా దగ్గర దారి ఉంటాదేమో చూడు అని. భూమిని పిసికి చిన్నది చేసేకి నా చేత కాదక్కా అని నగిస్తాంటాను."

మధుకర్ ఆ చివరి మాట విన్నాడు కానీ పట్టించుకోలేదు. స్కూటర్ ఎక్కి కొత్తగూడ దాకా తేలిపోతూ వచ్చాడు. వాడు వెళ్లడం లేదు. పక్క సీటు ఖాళీ. భుజం లేదు, తల వాలదు. కొత్తగూడ మలుపు తిరిగాక కడుపులోకి చూసుకున్నాడు. మంట ఉంది. ఎంత ఉండిందో అంతే ఉంది. ఆశ్చర్యపోయాడు. హద్దురాయి అనుకున్నది పెకలించి చూస్తే, కింద అసలు రాయి ఇంకొకటి ఉన్నట్టుంది.

మరి ఇంత మంట ఎవరి మీద? యూనివర్సిటీ గోడ పక్కన స్కూటర్ ఆపాడు. పైన ఒక విమానం బేగంపేట వైపు దిగుతోంది. చిన్నప్పుడు గుట్ట ఎక్కి ఇవే విమానాలు చూసేవాడు, ఎక్కడి నుంచి వస్తున్నాయో ఎంత దూరం వచ్చాయో అని. ఆ దూరం పిచ్చే తర్వాత అన్నం పెట్టింది. కొలిచి కొలిచి, గొలుసు చాటు మనిషై, నల్లగండ్లకూ కొండాపూర్‌కూ మధ్యే ఉండిపోయాడు. తన స్కూటర్ వెనక కూర్చుని అమీర్‌పేట వెళ్లిన పిల్ల ఇప్పుడు ఆ దూరమంతా దాటిపోతోంది. కుళ్లు సందీప్ మీద కాదు. ఎప్పుడూ కాదు. సందీప్ మీద అనుకుంటే మగాడికి కాస్త మర్యాదగా ఉంటుంది కాబట్టి అలా అనుకున్నాడు.

సాయంత్రం ఇల్లు చేరేసరికి పద్మావతి వంటింట్లో నేల మీద కూర్చుని ఉంది. బియ్యం కోసం బస్తా జరిపినట్టుంది. గోనెసంచి విప్పి ఉంది. ఒళ్లో గ్లోబు, చేతిలో తెల్లదారం. దారానికి హైదరాబాదు దగ్గర ఒక ముడి, టొరంటో దగ్గర ఒక ముడి. మధుకర్ గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఎంతొచ్చింది బావా?"

"పన్నెండు వేల తొమ్మిది వందలు," అన్నాడు మధుకర్. "దారం మందానికి ఒక యాభై అటిటు."

"ఇది మా నాయన రాక ముందు కొలిచినవా, వచ్చిపోయినంకనా?"

అబద్ధం చెప్పడానికి నోరు తిరగలేదు. "ముందే," అన్నాడు.

పద్మావతి తల ఊపింది. కోప్పడలేదు. కోప్పడితే బాగుండునని అనిపించింది అతనికి. వచ్చి ఎదురుగా నేల మీద కూలబడ్డాడు.

"ఆఫీసుకు పోయిన. వాణ్ణి చూసిన. రాడట గద."

"రాడు. నువ్వు అడగలే, నేను చెప్పలే. నువ్వు అడుగుతవని చూసిన."

"పద్మా," అన్నాడు. "వాడు రాడని తెలిసినంక గూడ నాకు కడుపు మంట తగ్గలే. నాకు కుళ్లు వాని మీద కాదు. నీ మీద. నువ్వు పోతున్నవ్, నేను పోతలేను. గంతే."

పద్మావతి గ్లోబును పక్కన పెట్టింది. దారాన్ని రెండు చేతుల మధ్య చాచి చూసింది. చిన్న గ్లోబు కదా, దారం జానెడంతే ఉంది.

"కుళ్లుంటే ఉండని బావా. నేనైనా గట్లనే ఉండేదాన్నేమో. దానికి నాకు బాధ లేదు." దారాన్ని నెమ్మదిగా వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టింది. "నేను ఆ లెక్క రోజు ఎందుకు చెప్పుకున్ననో నీకు తెలుసా? నాకు భయం. నా పేరు చెప్పిన రోజుకెళ్లి భయమే. మన ఇల్లు ఇడిసి ఒక్క రాత్రి ఏడ ఉన్న నేను? పన్నెండు వేలంటే జర దగ్గర ఉన్నట్టుండె. దగ్గరి దారి ఉన్నదంటే, అవసరమైతే ఆ దారిని పట్టుకొని ఇంటికి రావచ్చు అన్నట్టుండె. అందుకే సందీప్‌ను ఇంకా తగ్గదా, ఇంకా తగ్గదా అని సతాయించిన." ఆమె దారం చుట్టడం ఆపింది. "నువ్వేమో వాని మీద గెలవనీకి నన్ను ఇంకో ఐదు వేల కిలోమీటర్లు అవతలికి తోసినవ్. రోజూ తోసినవ్. వచ్చినోళ్లందరి ముందర తోసినవ్."

మధుకర్‌కు వంటింట్లోంచి గబగబా వచ్చి గంత లేదు అత్తమ్మా అన్న మొహం గుర్తొచ్చింది. సోఫాలో విని వదిలేసిన మాట కూడా గుర్తొచ్చింది. లేచి ముందు గదిలోకి వెళ్లి, గోడ మీది పటాన్ని మేకులతో సహా పీకేశాడు. ఆ చప్పుడుకు భాగ్యమ్మ వాకిట్లోంచి, "ఏం కూల్చినవ్‌రా?" అని అరిచింది.

ప్రయాణం రోజు బేగంపేట విమానాశ్రయానికి సగం నల్లగండ్ల కదిలొచ్చింది. భాగ్యమ్మ, మేనమామ, అత్త, చిన్నాయనలు, పిల్లలు. ఎవరూ ఎప్పుడూ ఎక్కని విమానం గురించి తలా ఒక జాగ్రత్త చెప్పారు. బాలనర్సయ్య ఎవరూ రమ్మనకుండానే ఉతికిన చొక్కా తొడుక్కుని వచ్చి, పెద్ద సూట్‌కేసు తనే పట్టుకున్నాడు. పద్మావతి కొత్త స్వెటర్ చేతి మీద వేసుకుని నిలబడింది. అది కొనడానికి మధుకర్ ఆమెను ఆబిడ్స్ అంతా తిప్పాడు.

లోపలికి వెళ్లే వేళయింది. మేనమామ ఆగలేకపోయాడు. "అల్లుడా, పదిహేడు వేల ఎనిమిది వందలంటివి గద. గంత దూరం ఇది ఒక్కతే ఎట్ల పోతదిరా?"

అద్దం తలుపు దగ్గర పద్మావతి ఆగింది. వెనక్కి తిరిగి తండ్రి వైపు చూడలేదు, మధుకర్ వైపు చూసింది.

"గంత లేదు మామా," అన్నాడు మధుకర్. "నేను తప్పు కొలిచిన. పన్నెండు వేల ఎనిమిది వందల యాభయే. గంతే."

"నువ్వు తప్పు కొలుచుడేంది?" మేనమామ నమ్మలేదు. "పన్నెండు వేలని ఎవరు చెప్పిండ్రు?"

మధుకర్ అద్దం తలుపు వైపు చూశాడు.

"సందీప్ చెప్పిండు," అన్నాడు.

పద్మావతి ఫక్కున నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుని, వేలికి చుట్టుకున్న తెల్లదారం కనిపించేలా చెయ్యి ఊపి, లోపలికి వెళ్లిపోయింది. తను ఒక మనిషిని నవ్వించానని మధుకర్‌కు కాసేపటికి గానీ తెలియలేదు.

విమానం లేచాక కడుపులో మంట మళ్లీ వచ్చి తన చోట తను కూర్చుంది. మధుకర్ దాన్ని వెళ్లగొట్టడానికి ప్రయత్నించలేదు. తల్లిని స్కూటర్ వెనక ఎక్కించుకుని ఇంటికి బయల్దేరాడు. అమీర్‌పేట దాటాక భాగ్యమ్మ అతని భుజం తట్టి, "ఎంతన్నవ్‌రా?" అని అడిగింది. మధుకర్ దగ్గరి లెక్కే మళ్లీ చెప్పాడు.